జావా వెబ్ అప్లికేషన్‌లో ఉమ్మడి ఆబ్జెక్ట్‌లు: డిపెండెన్సీ ఇంజెక్షన్‌తో వాటిని పద్ధతిగా నడపడం ఎలా

అది ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. ఒక కాలేజీ ఫీజుల వెబ్ అప్లికేషన్‌ని అప్పట్లో మా టీమ్ చూసుకునేది. సాయంత్రం ఆరున్నర దాటాక ఒక తండ్రి ఫోన్ చేశారు. "డబ్బులు మా అకౌంట్లోంచే పోయాయి బాబూ, రసీదులో మాత్రం ఎవరిదో పేరు వచ్చింది" అన్నారు. పది నిమిషాల్లో అలాంటి ఫోన్లే ఇంకో రెండు. డేటాబేస్‌లో చూస్తే వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు కట్టి చూసినా రసీదు సరిగ్గానే వస్తోంది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

తప్పంతా ఒక్క లైన్‌లో ఉంది. రసీదు తయారుచేసే సర్వీస్ క్లాస్‌లో ఎవరో 'కరెంట్‌స్టూడెంట్' అని ఒక ఫీల్డ్ పెట్టారు. ఆ క్లాస్‌కి అప్లికేషన్ మొత్తానికీ ఉన్నది ఒకే ఆబ్జెక్ట్. అంటే ఆ ఫీల్డ్ కూడా ఊరందరికీ ఒక్కటే.

ఏది అందరిదో, ఏది ఒక్కరిదో ముందుగా తేల్చుకోకుండా రాసిన కోడ్ ఎలా దెబ్బతింటుందో ఆ రోజు చూశాను. డిపెండెన్సీ ఇంజెక్షన్ (క్లాస్‌కి కావాల్సిన ఆబ్జెక్ట్‌లను బయటినుంచి తెచ్చి ఇచ్చే పద్ధతి) గురించి చదివేటప్పుడు చాలామంది అనొటేషన్ల (@ గుర్తుతో రాసే సూచనల) దగ్గరే ఆగిపోతారు. నా అనుభవంలో అసలు పని అంతకంటే ముందే ఉంటుంది: ఈ ఆబ్జెక్ట్ ఎవరిది, ఎంతకాలం బతకాలి అన్నది తేల్చడం. అది తేలితే అనొటేషన్ రాయడం అరనిమిషం పని.

ఇందులో స్ప్రింగ్ బూట్ 3ని ఆధారంగా తీసుకుంటున్నాను. స్ప్రింగ్ అంటే మన ఆబ్జెక్ట్‌లను తయారుచేసి ఒకదానికొకటి అందించే జావా ఫ్రేమ్‌వర్క్, బూట్ దాన్ని సులువుగా మొదలుపెట్టించేది. బూట్ 3కి కనీసం జావా 17 ఉండాలి. స్ప్రింగ్ వాడని వాళ్ల కోసం అదే పని చేసే జకార్తా సీడీఐ అనే ప్రమాణం గురించి చివర్లో కొంత చెప్తాను. క్లాసుల పేర్లు, అనొటేషన్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ఎడిటర్‌లో మీరు వాటిని మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారు.

ముందు ఆ తప్పును దగ్గరగా చూద్దాం

అప్లికేషన్‌ని నడిపే వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌కి రిక్వెస్ట్ వచ్చిందంటే అది ఒక థ్రెడ్ (విడిగా నడిచే పని వరుస) చేతికి వెళ్తుంది. మనం ఏమీ మార్చకపోతే అలాంటి థ్రెడ్‌లు 200 దాకా ఉంటాయి. వాటన్నిటికీ @సర్వీస్ అని రాసిన క్లాస్ ఆబ్జెక్ట్ మాత్రం ఒకటే, ఎందుకంటే స్ప్రింగ్ ఏ బీన్‌నైనా (తన చేతిలో ఉంచుకుని నడిపే ఆబ్జెక్ట్‌ని) మామూలుగా ఒక్కసారే తయారుచేసి అందరికీ అదే ఇస్తుంది.

ఇప్పుడు అనూష ఫీజు కట్టింది అనుకోండి. మొదటి థ్రెడ్ సర్వీస్‌లోకి వచ్చి కరెంట్‌స్టూడెంట్‌లో అనూష వివరాలు పెట్టింది. తర్వాత పేమెంట్ గేట్‌వేని అడిగి జవాబు కోసం ఆగింది. ఆ ఆగిన సమయం రెండు సెకన్లే. ఆ రెండు సెకన్లలో రమేశ్ రిక్వెస్ట్‌తో రెండో థ్రెడ్ అదే ఆబ్జెక్ట్‌లోకి వచ్చి, అదే ఫీల్డ్‌లో రమేశ్ వివరాలు పెట్టింది. గేట్‌వే నుంచి అనూష పేమెంట్ సరే అని జవాబు వచ్చింది. మొదటి థ్రెడ్ రసీదు రాయడానికి ఫీల్డ్‌లోకి చూసింది. అక్కడ రమేశ్ ఉన్నాడు.

జావా దృష్టిలో ఇక్కడ తప్పేమీ జరగలేదు కాబట్టి ఎర్రర్ రాదు. ల్యాప్‌టాప్‌లో నేనొక్కణ్నే వాడుతున్నాను కాబట్టి తప్పు కనబడదు. మామూలు రోజుల్లో ఇద్దరు ఒకే క్షణంలో కట్టడం అరుదు, ఆఖరి రోజు సాయంత్రం అది నిమిషానికి నాలుగుసార్లు జరుగుతుంది.

బంతి భోజనాల్లో పప్పు గిన్నె అందరిదీ, విస్తరాకు ఎవరిది వాళ్లది. అనూషకి వడ్డించాల్సింది మేం గిన్నెలో కలిపేశాం.

మొదటి మెట్టు: కాగితం మీద జాబితా రాయండి

కోడ్ ముట్టుకోకముందే మీ అప్లికేషన్‌లో ఉన్న ఆబ్జెక్ట్‌లను మూడు వరుసలుగా రాయండి. పెన్నూ కాగితంతోనే రాయమంటాను, అరగంట చాలు.

మొదటి వరుసలో తయారుచేయడం ఖరీదైనవి, అందరూ పంచుకోవాల్సినవి. డేటాసోర్స్, అంటే డేటాబేస్ కనెక్షన్ల పూల్. బయటి సర్వీసులను పిలిచే హెచ్‌టీటీపీ క్లయింట్. జేసన్ చదివి రాసే ఆబ్జెక్ట్‌మ్యాపర్. జేపీఏ (జావా ఆబ్జెక్ట్‌లను డేటాబేస్‌తో కలిపే పద్ధతి) వాడితే ఎంటిటీమేనేజర్‌ఫ్యాక్టరీ. కాష్. థ్రెడ్ పూల్. ఇవి అప్లికేషన్ మొదలైనప్పుడు పుట్టి, ఆగేటప్పుడు పోవాలి.

రెండో వరుసలో ఒక్క రిక్వెస్ట్‌కి లేదా ఒక్క యూజర్‌కి చెందినవి. లాగిన్ అయిన వ్యక్తి, ఆ రిక్వెస్ట్‌కి ఇచ్చిన ట్రేస్ నంబర్, ఎంచుకున్న భాష, సగం నింపిన ఫారం.

మూడో వరుసలో వాడి పారేసేవి. రసీదు, లెక్కలు, మధ్యలో వాడే లిస్ట్‌లు. వీటికి కంటైనర్‌తో, అంటే బీన్‌లను తయారుచేసి ఉంచే స్ప్రింగ్ భాగంతో, పనే లేదు, మెథడ్‌లో న్యూ అని రాసేయడమే సరైన పద్ధతి. ప్రతిదాన్నీ బీన్ చేసేయాలని కొత్తలో ఉత్సాహం వస్తుంది. డేటా మోసే క్లాసుల జోలికి మాత్రం వెళ్లకండి.

ఏ వరుసలో రాయాలో తేలని ఆబ్జెక్ట్ ఏదైనా కనిపిస్తే ఆగండి. చాలాసార్లు అది రెండు పనులు కలిపి చేస్తుంటుంది. మా రసీదు సర్వీస్ అలాంటిదే. దాని పని అందరికీ చెందింది, దాని ఫీల్డ్ ఒక్కరికి చెందింది. దాన్ని విడదీయాలి.

రెండో మెట్టు: 'న్యూ'ని క్లాస్ బయటికి తీయండి

పాత కోడ్‌లో మొదటి వరుస ఆబ్జెక్ట్‌లను రెండు రకాలుగా తెచ్చుకుంటుంటారు. ఒకటి, ఫీల్డ్ దగ్గరే న్యూ అని రాయడం. అలా చేస్తే పది సర్వీసులకు పది కనెక్షన్ పూల్‌లు తయారవుతాయి. రెండోది, స్టాటిక్ గెట్‌ఇన్‌స్టన్స్ మెథడ్ పెట్టి ఎక్కడ కావాలంటే అక్కడ పిలవడం. ఇందులో ఆబ్జెక్ట్ ఒక్కటే ఉంటుంది, కానీ ఎవరెవరు దాని మీద ఆధారపడ్డారో క్లాస్‌ని పైనుంచి చూస్తే తెలియదు. లోపలికి వెళ్లి లైన్ లైన్ వెతకాలి. టెస్ట్ రాసేటప్పుడు దాని బదులు నకిలీది పెట్టడానికి దారి ఉండదు. దాన్ని ఎవరు, ఎప్పుడు మూసేయాలో కూడా ఎవరికీ స్పష్టంగా తెలియదు.

డిపెండెన్సీ ఇంజెక్షన్ ఈ వ్యవహారాన్ని తిరగేస్తుంది. క్లాస్ తనకు కావాల్సినవి తాను వెతుక్కోదు. "నాకు ఇవి కావాలి" అని కన్‌స్ట్రక్టర్‌లో చెప్తుంది, బయటివాళ్లు తెచ్చి ఇస్తారు. ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది 2004లో మార్టిన్ ఫౌలర్ రాసిన ఒక వ్యాసంతో. స్ప్రింగ్ 1.0 వచ్చిందీ ఆ ఏడాదే. అయితే ఆలోచనకి స్ప్రింగ్ అవసరం లేదు, మామూలు కన్‌స్ట్రక్టర్ చాలు.

మా రసీదు సర్వీస్‌ని ఇలా మార్చాం. ఫీల్డ్‌లు రెండే ఉంచాం: విద్యార్థుల వివరాలు తెచ్చే స్టూడెంట్‌రిపాజిటరీ, గేట్‌వేతో మాట్లాడే పేమెంట్‌క్లయింట్. రెండూ ప్రైవేట్ ఫైనల్. కన్‌స్ట్రక్టర్ ఒక్కటే, ఈ రెండింటినీ పారామీటర్లుగా తీసుకుంటుంది. రసీదు తయారుచేసే మెథడ్ విద్యార్థి నంబర్‌ని పారామీటర్‌గా తీసుకుని, వివరాలను లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుని, రసీదుని తిరిగి ఇస్తుంది. లోకల్ వేరియబుల్స్ ప్రతి థ్రెడ్‌కీ వేరు కాబట్టి అనూష విస్తరి అనూషదే. కరెంట్‌స్టూడెంట్ ఫీల్డ్‌ని తీసేశాం.

క్లాస్‌కి కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే స్ప్రింగ్ 4.3 నుంచి @ఆటోవైర్డ్ రాయాల్సిన పని లేదు. ఫీల్డ్ మీద నేరుగా @ఆటోవైర్డ్ పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. అలా పెడితే ఫీల్డ్‌ని ఫైనల్ చేయలేరు, స్ప్రింగ్ లేకుండా టెస్ట్‌లో ఆ ఆబ్జెక్ట్‌ని కట్టలేరు. కన్‌స్ట్రక్టర్‌లో పారామీటర్లు ఎనిమిదో తొమ్మిదో అయ్యాయంటే ఆ క్లాస్ నెత్తిన పని ఎక్కువైందని అర్థం. ఫీల్డ్ ఇంజెక్షన్‌లో ఆ సంగతి కంటికి కనబడదు.

ఏ, బీ క్లాసులు ఒకదాన్నొకటి కోరుకుంటే అప్లికేషన్ మొదలవకుండా ఆగిపోతుంది. స్ప్రింగ్ బూట్ 2.6 నుంచి ఇలాంటి చక్రాలను మామూలుగా ఒప్పుకోరు. దాన్ని అనుమతించే సెట్టింగ్ ఒకటి ఉంది, వెతకగానే దొరుకుతుంది. దయచేసి ఆ దారి పట్టకండి. రెండింటికీ కావాల్సిన పనిని మూడో క్లాస్‌లోకి తీయండి.

మూడో మెట్టు: తయారీని కంటైనర్‌కి అప్పగించండి

మీరు రాసిన క్లాసులకు @సర్వీస్, @కాంపొనెంట్, @రిపాజిటరీ చాలు. మెయిన్ క్లాస్ ఉన్న ప్యాకేజీలోనూ, దాని కింద ఉన్నవాటిలోనూ ఉండే క్లాసులను స్ప్రింగ్ బూట్ తానే వెతికి పట్టుకుంటుంది. బీన్ దొరకలేదని ఎర్రర్ వస్తే ముందు ప్యాకేజీ చూడండి, చాలాసార్లు క్లాస్ పక్క కొమ్మలో ఉంటుంది.

బయటి లైబ్రరీ క్లాసుల మీద మనం అనొటేషన్ రాయలేం. వాటికోసం @కాన్ఫిగరేషన్ క్లాస్ ఒకటి పెట్టి, అందులో @బీన్ మెథడ్ రాయాలి. గేట్‌వే కోసం హెచ్‌టీటీపీ క్లయింట్ కావాలంటే, మెథడ్‌లో దాన్ని కట్టి, కనెక్ట్ అయ్యే గడువు పెట్టి తిరిగి ఇవ్వండి. జావా 11తో వచ్చిన హెచ్‌టీటీపీ క్లయింట్ ఒకసారి కట్టాక మారదు, థ్రెడ్‌లన్నీ ధైర్యంగా పంచుకోవచ్చు. జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్నది మాత్రం ప్రతి రిక్వెస్ట్ మీద విడిగా పెట్టాలి. అది మర్చిపోతే గేట్‌వే పలకని రోజున థ్రెడ్ అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడొక మెలిక ఉంది. @కాన్ఫిగరేషన్ క్లాస్‌లో ఒక బీన్ మెథడ్ ఇంకో బీన్ మెథడ్‌ని పిలిస్తే, స్ప్రింగ్ ఆ పిలుపును మధ్యలో పట్టుకుని ఉన్న ఆబ్జెక్ట్‌నే ఇస్తుంది. కానీ ప్రాక్సీబీన్‌మెథడ్స్‌ని ఫాల్స్ చేస్తే అదే పిలుపు మామూలు జావా పిలుపు అయిపోయి, ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ తయారవుతుంది. ఒక్కటే ఉందనుకున్న పూల్ రెండవుతుంది. మెథడ్‌ని పిలవకుండా, కావాల్సిన బీన్‌ని పారామీటర్‌గా అడిగితే ఏ సెట్టింగ్‌లోనైనా ఇబ్బంది రాదు. నేను ఎప్పుడూ అలాగే రాస్తాను.

ఒకే రకం ఆబ్జెక్ట్‌లు రెండు ఉన్నప్పుడు, అంటే ఫీజులకు ఒక డేటాబేస్, పాత రికార్డులకు ఇంకొకటి ఉంటే, ఏది కావాలో స్ప్రింగ్‌కి అర్థం కాక ఆగిపోతుంది. ఎక్కువగా వాడేదాని మీద @ప్రైమరీ, రెండోది కావాల్సిన చోట @క్వాలిఫయర్ పెట్టండి.

నాలుగో మెట్టు: ఉమ్మడి ఆబ్జెక్ట్‌లో ఎవరి జ్ఞాపకమూ మిగలకూడదు

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. నా లెక్కలో ఈ మార్గదర్శిలో సగం విలువ ఇక్కడే ఉంది.

మీ ప్రాజెక్ట్‌లోని ప్రతి సర్వీస్, కంట్రోలర్ తెరిచి ఫీల్డ్‌లు చూడండి. ఫైనల్ కాని ప్రతి ఫీల్డ్‌నీ అనుమానించండి. కంట్రోలర్‌కి కూడా ఆబ్జెక్ట్ ఒక్కటేనని చాలామందికి తెలియదు. స్ప్రింగ్ లేని పాత సర్వ్‌లెట్ల (రిక్వెస్ట్‌ని నేరుగా అందుకునే జావా క్లాసుల) సంగతీ ఇంతే, ఒక సర్వ్‌లెట్‌కి టామ్‌క్యాట్ లాంటి సర్వర్ మామూలుగా ఒకే ఆబ్జెక్ట్ పెడుతుంది.

ఫైనల్ అన్నంత మాత్రాన నిశ్చింత కాదు. ఫైనల్ హ్యాష్‌మ్యాప్ అంటే ఆ మ్యాప్‌ని ఇంకో మ్యాప్‌తో మార్చలేమని మాత్రమే అర్థం. లోపలి సరుకు ఎవరైనా మార్చవచ్చు. కాబట్టి రెండో ప్రశ్న అడగాలి: ఈ ఫీల్డ్ చూపిస్తున్న ఆబ్జెక్ట్‌ని అనేక థ్రెడ్‌లు ఒకేసారి వాడవచ్చా?

కొన్ని ఆబ్జెక్ట్‌లు చూడటానికి అమాయకంగా ఉంటాయి. సింపుల్‌డేట్‌ఫార్మాట్ అందులో మొదటిది. తేదీని చదివేటప్పుడు అది తన లోపల క్యాలెండర్ ఒకటి పెట్టుకుని దిద్దుతుంటుంది. రెండు థ్రెడ్‌లు కలిసి వాడితే తేదీలు తారుమారవుతాయి. జావా 8 నుంచి ఉన్న డేట్‌టైమ్‌ఫార్మాటర్ మారని ఆబ్జెక్ట్, దాన్ని స్టాటిక్ ఫైనల్‌గా పెట్టుకోవచ్చు. రూపాయల్లో కామాలు పెట్టడానికి వాడే డెసిమల్‌ఫార్మాట్‌దీ సింపుల్‌డేట్‌ఫార్మాట్ గుణమే, దాన్ని పంచుకోకండి.

ఇంకా ప్రమాదకరమైంది మెసేజ్‌డైజెస్ట్. పేమెంట్ గేట్‌వేకి పంపే వివరాలతో హ్యాష్ లెక్కకట్టి జతచేయాలి కదా. "ప్రతిసారీ ఎందుకు తయారుచేయడం" అని దాన్ని ఫీల్డ్‌లో పెడతారు. అది బైట్‌లను ముక్కలు ముక్కలుగా మింగుతూ లోపల లెక్క నిలుపుకుంటుంది. ఒక థ్రెడ్ సగం పెట్టాక ఇంకో థ్రెడ్ తన బైట్‌లు పెడితే రెండు హ్యాష్‌లూ తప్పే. గేట్‌వే వాటిని తిప్పి కొడుతుంది. మళ్లీ ప్రయత్నిస్తే పని జరుగుతుంది కాబట్టి "నెట్‌వర్క్ సమస్య" అని సర్దిచెప్పుకుంటారు. మెసేజ్‌డైజెస్ట్‌నీ సైఫర్‌నీ మెథడ్ లోపల ప్రతిసారీ తెచ్చుకోండి. ఆ ఖర్చు చాలా తక్కువ.

పంచుకోదగ్గవీ ఉన్నాయి. ఆబ్జెక్ట్‌మ్యాపర్‌ని ముందే పూర్తిగా సెట్ చేసి, తర్వాత ముట్టుకోకుండా ఉంటే అందరూ వాడవచ్చు. ఎంటిటీమేనేజర్‌ఫ్యాక్టరీని పంచుకోవచ్చు, ఎంటిటీమేనేజర్‌ని నేరుగా పంచుకోకూడదు. స్ప్రింగ్ మనకి ఇంజెక్ట్ చేసేది అసలు ఎంటిటీమేనేజర్ కాదు, ఆ ట్రాన్సాక్షన్‌కి చెందినదాన్ని వెతికి పని అప్పగించే ప్రాక్సీ. అందుకే అది ఫీల్డ్‌లో ఉన్నా నడుస్తుంది. డేటాసోర్స్ అందరిదీ, దానిలోంచి తీసిన కనెక్షన్ మాత్రం ఆ క్షణానికి ఒక్కరిదే.

ఐదో మెట్టు: రిక్వెస్ట్‌కి చెందినవాటిని పారామీటర్‌గా పంపండి, కుదరకపోతేనే స్కోప్

లాగిన్ అయిన వ్యక్తి ఎవరో పది క్లాసుల లోతులో కావాలి అనుకోండి. మొదటి ప్రయత్నం పారామీటర్ కావాలి. కొంచెం రాత ఎక్కువే కానీ, చదివేవాళ్లకి డేటా ఎటు వెళ్తోందో కనబడుతుంది.

ట్రేస్ నంబర్, భాష లాంటివి ప్రతి మెథడ్‌లో మోయడం విసుగు పుట్టిస్తుంది. అప్పుడు ఒక చిన్న క్లాస్ రాసి దాని మీద @రిక్వెస్ట్‌స్కోప్ పెట్టండి. స్కోప్ అంటే ఆ ఆబ్జెక్ట్ ఎంతకాలం బతకాలన్నది. ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త ఆబ్జెక్ట్ పుట్టి, రిక్వెస్ట్ అయిపోగానే పోతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. సర్వీస్ అప్లికేషన్ మొదలైనప్పుడే పుట్టింది. అప్పటికి రిక్వెస్టే లేదు. మరి దాని కన్‌స్ట్రక్టర్‌కి రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ ఎలా అందింది? అందింది అసలు ఆబ్జెక్ట్ కాదు, దానిలాగే కనిపించే ప్రాక్సీ. మనం దాని మెథడ్‌ని పిలిచిన ప్రతిసారీ, ఇప్పుడు నడుస్తున్న థ్రెడ్ ఏ రిక్వెస్ట్‌దో చూసి, ఆ రిక్వెస్ట్ తాలూకు ఆబ్జెక్ట్‌కి పని అందిస్తుంది. ఈ ప్రాక్సీ మన క్లాస్‌కి సబ్‌క్లాస్‌గా తయారవుతుంది కాబట్టి ఆ క్లాస్ ఫైనల్ కాకూడదు, రికార్డ్ అయితే కుదరదు. @రిక్వెస్ట్‌స్కోప్ వాడితే ప్రాక్సీ దానంతటదే వస్తుంది. @స్కోప్ అని రాసి లోపల రిక్వెస్ట్ అని పేరు మాత్రం ఇచ్చి, ప్రాక్సీమోడ్ మర్చిపోతే, సింగిల్టన్‌లోకి (అందరికీ ఒక్కటే ఉండే బీన్‌లోకి) ఇంజెక్ట్ చేసేటప్పుడు స్కోప్ యాక్టివ్‌గా లేదని అప్లికేషన్ మొదట్లోనే ఆగుతుంది. అలా ఆగడం మన అదృష్టం, ఎందుకంటే తప్పు ఆఫీసులోనే బయటపడింది.

ప్రోటోటైప్ స్కోప్‌లో అలా ఆగదు, చప్పుడు లేకుండా మోసం జరుగుతుంది. అడిగిన ప్రతిసారీ కొత్తది ఇస్తుందని దాని పేరు. కానీ సింగిల్టన్ దాన్ని అడిగేది కట్టేటప్పుడు ఒక్కసారే, కాబట్టి జీవితాంతం అదే ఒక్క ఆబ్జెక్ట్ దగ్గరుంటుంది. నిజంగా ప్రతిసారీ కొత్తది కావాలంటే ఆబ్జెక్ట్‌ప్రొవైడర్‌ని ఇంజెక్ట్ చేసుకుని, వాడే చోట గెట్‌ఆబ్జెక్ట్ పిలవండి.

సెషన్ స్కోప్‌ని పొదుపుగా వాడండి. ఒక యూజర్ రెండు ట్యాబ్‌లు తెరిచి రెండింటిలో నొక్కితే, రెండు థ్రెడ్‌లు ఒకే సెషన్ ఆబ్జెక్ట్ మీద పడతాయి. ఒక్కరిదే కదా అని ధీమా పనికిరాదు. పైగా 5,000 మంది లాగిన్ అయి ఉంటే ఆ ఆబ్జెక్ట్‌లు 5,000, సెషన్ గడువు తీరేదాకా మెమరీలోనే ఉంటాయి.

పని వేరే థ్రెడ్‌కి వెళ్లినప్పుడు, అంటే @అసింక్ మెథడ్‌లో, రిక్వెస్ట్ స్కోప్ అందదు. మెయిల్ పంపే పనిని వెనక్కి నెట్టేముందు కావాల్సిన విలువలు చదివి పారామీటర్లుగా ఇచ్చేయండి. థ్రెడ్‌లోకల్ మీరే నేరుగా వాడుతుంటే, పని అయ్యాక ఫైనల్లీ బ్లాక్‌లో రిమూవ్ పిలవడం మర్చిపోకండి. టామ్‌క్యాట్ అదే థ్రెడ్‌ని తర్వాతి రిక్వెస్ట్‌కి వాడుతుంది. తుడవకపోతే ముందు తిన్నవాళ్ల ఎంగిలాకు కొత్తగా కూర్చున్నవాళ్ల ముందే ఉంటుంది.

ఆరో మెట్టు: నిజంగా మారే ఉమ్మడి డేటా

ఫీజుల పట్టిక రోజుకి ఒకసారో రెండుసార్లో మారుతుంది, సెకనుకి పదిసార్లు చదువుతాం. దాన్ని మెమరీలో పెట్టుకోవడం న్యాయమే. దీనికి నాకు నచ్చిన పద్ధతి ఏమిటంటే, పట్టికని మార్చకుండా మొత్తంగా మార్పిడి చేయడం. పది నిమిషాలకోసారి నడిచే మెథడ్ కొత్త పట్టికని పూర్తిగా కట్టి, మ్యాప్ కాపీఆఫ్‌తో మారని మ్యాప్ చేసి, వోలటైల్ ఫీల్డ్‌లో (దానిలో మార్పు థ్రెడ్‌లన్నిటికీ కనిపిస్తుంది) ఒక్కసారి పెడుతుంది. చదివేవాళ్లకి మొత్తం పాతదో మొత్తం కొత్తదో కనిపిస్తుంది, సగం సగం ఎప్పుడూ కనిపించదు. లాక్‌లతో పని లేదు.

లెక్క పెంచడానికి ప్లస్‌ప్లస్ వాడకండి. అది చదవడం, కలపడం, రాయడం అనే మూడు పనులు, మధ్యలో ఎవరైనా దూరవచ్చు. లాంగ్‌యాడర్ వాడండి. కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌లో "ఉందా అని చూసి, లేకపోతే పెట్టు" అని రెండు లైన్లుగా రాస్తే అదే దోషం, కంప్యూట్‌ఇఫ్‌యాబ్సెంట్ ఒక్క పిలుపులో చేస్తుంది.

రసీదు నంబర్ మాత్రం ఎప్పుడూ మెమరీలో పెంచకండి. సింగిల్టన్ అంటే ఒక జేవీఎంలోని (నడుస్తున్న ఒక జావా ప్రోగ్రామ్‌లోని) ఒక కంటైనర్‌కి ఒకటి, అంతే. అప్లికేషన్ మూడు కాపీలు నడుస్తుంటే సింగిల్టన్‌లూ మూడే. మూడూ 1001 అనే నంబర్ ఇస్తాయి. రసీదు నంబర్ డేటాబేస్ సీక్వెన్స్ నుంచి రావాలి. షెడ్యూల్ చేసిన పనులూ అంతే: పట్టికని మళ్లీ చదవడం మూడుసార్లు జరిగితే నష్టం లేదు, "ఫీజు గడువు రేపే" అని ఎస్ఎంఎస్ పంపే పని మూడుసార్లు జరిగితే తల్లిదండ్రులకి మూడు మెసేజ్‌లు వెళ్తాయి.

ఏడో మెట్టు: పూల్‌కి లెక్క వేయండి

స్ప్రింగ్ బూట్ మామూలుగా వాడే హికారీ పూల్‌లో కనెక్షన్లు 10. ఖాళీ దొరక్కపోతే థ్రెడ్ 30 సెకన్లు ఆగి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ చూడగానే 10ని 50 చేయాలనిపిస్తుంది. ఆగండి.

డేటాబేస్ మార్పులన్నిటినీ ఒకే కట్టగా జరిపే @ట్రాన్సాక్షనల్ మెథడ్ లోపలినుంచే గేట్‌వేని పిలుస్తున్నారేమో చూడండి. గేట్‌వే జవాబుకి 2 సెకన్లు పడితే, ఆ 2 సెకన్లూ కనెక్షన్ ఏ పనీ లేకుండా చేతిలో ఉంటుంది. 10 కనెక్షన్లకి సెకనుకి 5 పేమెంట్లే దాటతాయి. గేట్‌వే పిలుపుని ట్రాన్సాక్షన్ బయటికి తీసి, ముందు "పెండింగ్" అని రాసి కమిట్ చేసి, పిలిచి, జవాబు వచ్చాక ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో ఫలితం రాస్తే అవే 10 కనెక్షన్లు ఎన్నో రెట్లు పని చేస్తాయి. కనెక్షన్‌ని ఎవరు ఎక్కువసేపు పట్టుకున్నారో తెలియాలంటే హికారీ లీక్‌డిటెక్షన్‌థ్రెషోల్డ్‌ని కొన్ని సెకన్లకి పెట్టండి, ఏ మెథడో లాగ్‌లో చెప్తుంది.

పెంచాల్సి వస్తే కాపీలతో గుణించండి. పూల్ 30, కాపీలు 4 అయితే 120. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒప్పుకునేది 100, మైఎస్‌క్యూఎల్ 151. కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాతవీ కొత్తవీ కాసేపు కలిసి నడుస్తాయని మర్చిపోకండి.

ఎనిమిదో మెట్టు: పుట్టుక, ముగింపు

మొదలయ్యేటప్పుడే తప్పు బయటపడేలా చూడండి. గేట్‌వే కీ లేకపోతే మొదటి విద్యార్థి కట్టేదాకా ఆగకుండా, కన్‌స్ట్రక్టర్‌లోనే లేదా @పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ మెథడ్‌లో తనిఖీ చేసి ఆపేయండి.

ముగింపులో స్ప్రింగ్ చాలా పని తానే చేస్తుంది. @బీన్ మెథడ్ ఇచ్చిన ఆబ్జెక్ట్‌కి క్లోజ్ లేదా షట్‌డౌన్ అనే పబ్లిక్ మెథడ్ ఉంటే చెప్పకుండానే పిలుస్తుంది. ఒకదానిమీద ఆధారపడ్డదాన్ని ముందు, ఆధారమైనదాన్ని తర్వాత మూస్తుంది. ప్రోటోటైప్ ఆబ్జెక్ట్‌లను మాత్రం ఇచ్చి వదిలేస్తుంది, వాటిని మూయడం మన బాధ్యత. సర్వర్‌ని ఆపేటప్పుడు నడుస్తున్న రిక్వెస్ట్‌లు పూర్తికావాలంటే సర్వర్ షట్‌డౌన్ సెట్టింగ్ గ్రేస్‌ఫుల్ అని ఉండాలి. కిల్ మైనస్ 9 కొట్టి బలవంతంగా ఆపేస్తే ఇవేవీ జరగవు.

స్ప్రింగ్ లేకుండా జకార్తా సీడీఐతో చేసేవాళ్లకి

ఆలోచన అంతా ఇదే, పేర్లు వేరు. ఒక తేడా మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. స్ప్రింగ్‌లో ఏమీ రాయకపోతే ఆబ్జెక్ట్ ఉమ్మడి. సీడీఐలో ఏమీ రాయకపోతే @డిపెండెంట్, అంటే ఇంజెక్ట్ చేసిన ప్రతి చోటా కొత్తది. పంచుకోవాలంటే @అప్లికేషన్‌స్కోప్డ్ అని మీరే చెప్పాలి. కాష్ క్లాస్ మీద అది మర్చిపోతే ప్రతి క్లాస్‌కీ ఒక కాష్ తయారై, ఏదీ దేనితోనూ కలవదు.

@అప్లికేషన్‌స్కోప్డ్ ఆబ్జెక్ట్ ప్రాక్సీ ద్వారా అందుతుంది కాబట్టి క్లాస్ ఫైనల్ కాకూడదు, ప్రైవేట్ కాని ఖాళీ కన్‌స్ట్రక్టర్ కూడా ఉండాలి. బయటి లైబ్రరీ ఆబ్జెక్ట్‌లకి @ప్రొడ్యూసెస్ మెథడ్, మూయడానికి @డిస్పోజెస్ పారామీటర్. ఉత్త టామ్‌క్యాట్‌లో సీడీఐ ఉండదు, దాన్ని అమలుచేసే వెల్డ్ లేదా ఓపెన్‌వెబ్‌బీన్స్ జతచేయాలి. జకార్తా ఈఈ 9 నుంచి ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. ఒక ఫైల్‌లో పాత ఇన్‌జెక్ట్, ఇంకో దానిలో కొత్తది ఉంటే ఎర్రర్ కూడా రాకుండా ఫీల్డ్ నల్‌గా మిగిలిపోవచ్చు. ఇంపోర్ట్ లైన్లు ఒకసారి చూసుకోండి.

చివరి మెట్టు: గుంపుతో పరీక్షించండి

కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్ పెట్టినందుకు లాభం ఇక్కడ చేతికి వస్తుంది. రసీదు సర్వీస్‌ని టెస్ట్‌లో స్ప్రింగ్ లేకుండా న్యూతో కట్టండి. నకిలీ రిపాజిటరీ ఒకటి, నకిలీ పేమెంట్‌క్లయింట్ ఒకటి ఇవ్వండి. నకిలీ క్లయింట్ జవాబు ఇచ్చేముందు 20 మిల్లీసెకన్లు నిద్రపోవాలి. ఆ నిద్రే ముఖ్యం, తప్పు దూరడానికి సందు అదే.

తర్వాత 50 థ్రెడ్‌ల ఎగ్జిక్యూటర్ తీసుకోండి. 1 తో కట్టిన కౌంట్‌డౌన్‌లాచ్ దగ్గర అన్నిటినీ ఆపి, ఒక్కసారి వదలండి. ప్రతి థ్రెడ్ తన విద్యార్థి నంబర్లతో 20 రసీదులు చేయించి, వచ్చిన రసీదులో పేరు ఆ నంబర్‌దేనా అని చూడాలి. మొత్తం 1,000 రసీదులు, అరసెకను పని. ఒక థ్రెడ్‌లో వచ్చిన తప్పు టెస్ట్‌ని ఫెయిల్ చేయాలంటే ప్రతి ఫ్యూచర్ మీదా గెట్ పిలవండి, లేకపోతే తప్పు అక్కడే సమాధి అవుతుంది.

ఈ టెస్ట్‌ని పాత కోడ్ మీద నడిపితే మొదటి ప్రయత్నంలోనే ఎర్రగా వచ్చింది, ఒకరి నంబర్‌కి ఇంకొకరి పేరు. ఫీల్డ్ తీసేశాక వరుసగా వందసార్లు నడిపాం, వెయ్యికి వెయ్యి రసీదులూ ఎవరి పేరుతో వాళ్లకి వచ్చాయి. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసిన ముగ్గురికీ సరైన రసీదులు పంపాం. ఆ టెస్ట్‌ని బిల్డ్‌లో ఉంచేశాం, ఎవరు ఏ క్లాస్‌లో కొత్త ఫీల్డ్ పెట్టినా ముందు దాన్ని దాటాలి.